నంబర్ వన్ ఎవరో చెప్పాలంటే పాట వింటే చాలదు

బ్రిటన్‌లో ఏటా డిసెంబరు దగ్గర పడేసరికి బెట్టింగ్ సంస్థలు ఒక ప్రత్యేక పందేనికి తెర తీస్తాయి. క్రిస్మస్ వారంలో సింగిల్స్ చార్టు, అంటే విడి పాటల అమ్మకాల జాబితాలో మొదటి స్థానం ఎవరికి దక్కుతుందన్నదే ఆ పందెం. 1952 నవంబరులో ఒక సంగీత పత్రిక కొన్ని దుకాణాలకు ఫోన్ చేసి, ఏ రికార్డులు ఎక్కువగా అమ్ముడుపోతున్నాయో కనుక్కుని అచ్చువేసిన జాబితాతో ఈ చార్టు మొదలైంది. గత ఇరవై ఏళ్ల విజేతలను వరుసగా పరిశీలిస్తే, ఫలితాన్ని ఊహించడానికి పాట ఎంత బాగుందో తెలియడం కంటే, ఆ ఏడాది లెక్క ఏ నిబంధనల ప్రకారం కడుతున్నారో తెలియడం చాలా ఎక్కువగా ఉపయోగపడుతుందని స్పష్టమవుతుంది.

2005 నుంచి 2008 దాకా వరుసగా నాలుగేళ్లు ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే టీవీ పాటల పోటీలో గెలిచినవారే క్రిస్మస్ నంబర్ వన్ అయ్యారు. పోటీ ఫైనల్ డిసెంబరులో జరగడం, వెంటనే విజేత పాట మార్కెట్లోకి రావడం వల్ల ఊహించడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. 2009లో మాత్రం ఈ ఆనవాయితీతో విసిగిన ఒక జంట ఫేస్‌బుక్‌లో ప్రచారం మొదలుపెట్టి, రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ బృందం 1992లో విడుదల చేసిన పాటను కొనమని జనాన్ని కోరింది. ఆ వారంలో ఆ పాట 5 లక్షలకు పైగా అమ్ముడుపోగా, టీవీ విజేత జో మెకెల్డెరీ పాట సుమారు 4 లక్షల 50 వేల దగ్గర ఆగింది. దీన్ని అందరూ జనాగ్రహంగానే గుర్తుపెట్టుకున్నారు. అయితే 2007 జనవరిలో వచ్చిన ఒక చిన్న మార్పు లేకపోతే ఆ ఆగ్రహం చార్టుకెక్కేదే కాదు. దుకాణంలో సీడీ రూపంలో దొరక్కపోయినా, చట్టబద్ధంగా డౌన్‌లోడ్ అయ్యే ఏ పాటనైనా లెక్కలోకి తీసుకోవాలని అప్పుడే నిర్ణయించారు. పదిహేడేళ్ల నాటి పాట ఒక్క వారంలో పైకి రావడానికి దారి వేసింది ఆ నిర్ణయమే.

2014 జులైలో స్ట్రీమింగ్‌ను, అంటే పాటను కొనకుండా ఆన్‌లైన్‌లో వినడాన్ని కూడా కలిపాక లెక్క మరింత చిక్కుపడింది. 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం డబ్బు కట్టిన చందాదారులు 100 సార్లు వింటే ఒక అమ్మకంతో సమానం. ప్రకటనల మధ్య ఉచితంగా వినేవారైతే అదే ఒక్క అమ్మకానికి 600 సార్లు వినాలి. అంటే పాటను ఒక్కసారి కొన్న అభిమాని బరువు, దాన్ని ఉచితంగా వందల సార్లు విన్న శ్రోతతో సమానం. 2018 నుంచి 2022 వరకు ల్యాడ్‌బేబీ అనే యూట్యూబర్ సేవా నిధుల కోసం చేసిన సరదా పాటలు ఐదేళ్లు వరుసగా క్రిస్మస్ నంబర్ వన్ కావడానికి ఈ తేడా బాగా కలిసొచ్చింది. ఆ పాటలను నెలల తరబడి వినేవారు తక్కువే కావచ్చు. అయినా మంచి పనికి సాయపడదామని ఒకే వారంలో కొన్నవారు సరిపడా ఉన్నారు. వారం రోజుల లెక్కకు కావలసింది అంతే.

నిబంధనల బలం ఎంతో చూడాలంటే బ్రిటిష్ గాయని కేట్ బుష్ ఉదంతమే సరైన సాక్ష్యం. ఆమె 1985 నాటి పాట 2022 మేలో విడుదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే వెబ్ సిరీస్ నాలుగో సీజన్‌లో వినిపించింది. కొత్త తరం శ్రోతలు దాన్ని ఎగబడి విన్నారు. కానీ పాత పాటల స్ట్రీమ్‌లకు సగం విలువే ఇవ్వాలన్న నియమం ఒకటుంది. ఎప్పటినుంచో వినబడుతున్న పాటలు కొత్తవాటికి చోటు లేకుండా చేయకూడదన్నది దాని ఉద్దేశం. ఈ నియమం వల్ల ఆమె పాట వెనకబడింది. ఆదరణ ఇంతగా పెరుగుతున్నప్పుడు ఈ కోత సరికాదని చార్టు నిర్వాహకులు మినహాయింపు ఇచ్చారు. జూన్ 17న వెలువడిన చార్టులో ఆ పాట మొదటి స్థానానికి చేరింది. విడుదలైన 37 ఏళ్లకు! ఆ వారం నంబర్ వన్‌ను సరిగ్గా ఊహించాలంటే సంగీతం తెలిసి ఉండటం ఒక్కటే చాలదు, చార్టు కార్యాలయంలో కూర్చున్నవారు ఏం ఆలోచిస్తున్నారో కూడా తెలిసి ఉండాలి.

నిబంధనలూ విడుదల తేదీలూ అన్నీ చేతిలో ఉన్నా ఊహకు అందనిది ఇంకొకటి ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ప్రచురించిన ప్రయోగం దాన్ని కళ్లకు కట్టింది. పెద్దగా ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేలమందికి పైగా శ్రోతలను ఆహ్వానించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపించారు. ఎవరి ప్రభావమూ లేకుండా విన్నవారి తీర్పులో 26వ స్థానంలో నిలిచిన ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానానికి ఎక్కింది, ఇంకో గుంపులో 40వ స్థానానికి జారింది. పాట అదే, శ్రోతలూ అలాంటివారే. తొలి గంటల్లో ఎవరో కొందరు చేసిన ఎంపిక చూసి తర్వాతివారు అటే మొగ్గారు. బాగా మంచి పాటలు పూర్తిగా మునగడం, బాగా చెడ్డవి పైకి రావడం అరుదే. ఆ రెంటి మధ్య మాత్రం ఏదైనా జరగవచ్చు. అందుకే రాగాన్నీ లయనూ కంప్యూటర్‌కు ఎక్కించి, ఈ గాయకుడే రేపటి నంబర్ వన్ అని ముందే తేల్చేస్తామనే సంస్థల మాట నేను నమ్మను. వారు కొలుస్తున్నది పాటను, చార్టు కొలుస్తున్నది మనుషులు ఒకరిని చూసి ఒకరు చేసే పనిని.

అయినా బ్రిటన్ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది, అది మన తెలుగు శ్రోతలకు నేరుగా సంబంధించిన విషయం. అక్కడ నిబంధన నచ్చకపోతే దాన్ని చూపించి వాదించవచ్చు. 2017 మార్చిలో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ పాటలు ఒకేసారి మొదటి ఇరవైలో పదహారు స్థానాలు ఆక్రమిస్తే, అదే ఏడాది జులై నుంచి ఒక కళాకారుడికి మూడు పాటలకు మించి చోటు లేకుండా నియమం తెచ్చారు. మన దగ్గర సినిమా పాటలకు అలాంటి బహిరంగ లెక్క లేదు. ఆ లోటును ‘24 గంటల్లో ఇన్ని కోట్ల వ్యూస్’ అనే పోస్టర్లు పూరిస్తున్నాయి. 2019 జులైలో హిందీ ర్యాపర్ బాద్‌షా పాటకు ఒక్క రోజులో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రకటించారు. అందులో ప్రకటనల రూపంలో కొన్నవి ఎన్ని అన్న చర్చ రేగాక, ఆ సెప్టెంబరులో యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల లెక్క నుంచి ప్రకటనల ద్వారా వచ్చే వ్యూస్‌ను తీసేసింది. పోస్టర్ మీద మాత్రం ఆ తేడా నేటికీ కనబడదు. లిరికల్ వీడియో రికార్డు ప్రకటించే ప్రతి ఆడియో కంపెనీ, కొన్న వ్యూస్ ఎన్నో, శ్రోతలు తమంతట తామే వచ్చి చూసినవి ఎన్నో విడివిడిగా చెప్పాలి. అప్పటివరకు ఏ సంగీత దర్శకుడి పాట ఈ సంక్రాంతికి ముందుంటుందని ఎవరైనా అడిగితే, ముందుండటాన్ని దేనితో కొలుస్తున్నారని మనం తిరిగి అడగాల్సిందే.