సవరణ: స్టీరియో బేస్‌ను మిక్సర్‌కి కలిపే పద్ధతి

బేస్ గిటార్ స్టీరియో అవుట్‌పుట్ గురించి పోయిన వారం రాస్తూ, టీఆర్ఎస్ కేబుల్‌ను (ప్లగ్గు మీద టిప్, రింగ్, స్లీవ్ అని మూడు భాగాలుండేది; టిప్, రింగ్ చెరో సిగ్నల్‌ను మోస్తాయి, స్లీవ్ గ్రౌండ్) నేరుగా మిక్సర్‌లో ఒకే ఛానల్‌కి పెట్టుకోవచ్చని చెప్పాను. అది తప్పు, మన్నించండి.

మిక్సర్ ఛానల్‌లో ఉండే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ టిప్ సిగ్నల్‌లోంచి రింగ్ సిగ్నల్‌ను తీసివేస్తుంది. మైక్‌కి అది మేలే, కేబుల్ దారిలో పట్టుకొచ్చే హమ్ (గుయ్‌మనే రొద) ఆ తీసివేతలోనే పోతుంది. మన బేస్‌లో మాత్రం టిప్ మీద ఒక పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం), రింగ్ మీద ఇంకొకటి ఉంటాయి. మంద్రంలో రెండూ దాదాపు ఒకేలా పలుకుతాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోరమంగళలో మా ప్రాక్టీస్ రూమ్‌లో ఆదివారం మళ్లీ పెట్టి విన్నాను. లావు తీగ మీటితే బరువే లేదు.

కావాల్సింది వై కేబుల్: ఒక చివర టీఆర్ఎస్, మరో చివర రెండు మోనో ప్లగ్గులు. రికెన్‌బ్యాకర్ కంపెనీ బేస్‌లోని రిక్-ఓ-సౌండ్ అనే స్టీరియో జాక్‌కీ ఇదే. నెక్ పికప్‌ను (మెడ వైపుది) ఏ ఎఫెక్టూ లేకుండా ఒక ఛానల్‌కి, బ్రిడ్జ్ పికప్‌ను (తీగల కింది చివర వైపుది) ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ మీదుగా రెండో ఛానల్‌కి పంపమన్న సలహాలో మార్పు లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాడకం అదే.

స్టీరియో జాక్‌లో మామూలు మోనో కేబుల్ పెడితే రింగ్ గ్రౌండ్ అయిపోయి ఒక్క పికప్పే వినిపిస్తుంది. బేస్ పాడైందని టెన్షన్ పడకండి, కేబుల్ మార్చి చూడండి.