గదిలో గాలి ఆడనివ్వండి

వంటింటి గట్టుకు వేసిన గ్రానైట్ రాయి కాన్సర్ తెస్తుందేమోనన్న భయం చాలా ఇళ్లలో ఉంది. ఆ రాయిలో రేడియోధార్మికత ఉన్న మాట నిజమే. యురేనియం, థోరియం, పొటాషియం-40 భూమి పుట్టినప్పటి నుంచీ శిలల్లో ఉన్నాయి. ఆ పొటాషియం మన ఒంట్లోనూ ఉంది. అక్కడ సెకనుకు దాదాపు 4 వేల పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. పైగా రాళ్లన్నీ ఒకటి కావు. ఎర్ర, గులాబీ గ్రానైట్లలో ఈ మూలకాలు కాస్త ఎక్కువ. చీమకుర్తి గెలాక్సీ రాయి శాస్త్ర పరిభాషలో గ్రానైటే కాదు, గాబ్రో అనే మరో రకం శిల; అందులో ఇవి తక్కువ. గట్టు రాయి నుంచి ఇంటిల్లిపాదికీ అందే రేడియేషన్ మోతాదు సాధారణంగా స్వల్పం.

మా ఆందోళన గాలి గురించి. యురేనియం క్షయించే క్రమంలో పుట్టే రాడాన్ వాయువుకు రంగూ వాసనా లేవు. నేలలోంచి, గచ్చు పగుళ్లలోంచి ఇంట్లో చేరుతుంది. కిటికీ తెరిస్తే పోతుంది, మూస్తే పేరుకుంటుంది. ఊపిరితిత్తుల కాన్సర్‌కు పొగాకు తర్వాత ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఘనపు మీటరు గాలిలో రాడాన్ 100 బెక్వెరెళ్లు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) మించకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పొగతాగేవారున్న ఇంట్లో ముప్పు మరింత ఎక్కువ. ఆకాశం కనిపించే మండువా లోగిళ్లలో గాలి నిలిచేది కాదు. ఇప్పుడు ఏసీ కోసం రాత్రంతా తలుపులు బిగించుకుంటున్నాం.

శిలాజాలు సేకరించేవారికీ ఇదే మాట. మట్టిలో పడి ఉన్న ఎముక భూగర్భజలంలోని యురేనియాన్ని పీల్చుకుంటుంది. అమెరికాలోని ఉటా, కొలరాడోల్లో దొరికే డైనోసార్ ఎముకలు కొన్ని అందుకే గణనీయంగా రేడియోధార్మికమైనవి. అలాంటివాటి నుంచీ రాడాన్ వస్తుంది కాబట్టి వాటిని పడకగదిలో మూసిన పెట్టెలో పెట్టకూడదు. విరగ్గొట్టి, గీకి ధూళి పీల్చకూడదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. అంతకుమించి కంగారు అనవసరం.

బోరునీటి విషయంలో మాత్రం ఉదాసీనత తగదు. తెలంగాణలో చాలా భాగం, రాయలసీమలో కొంత పాతకాలపు గ్రానైటు నేలలే. అలాంటి నేలల్లో నీటిలోకి యురేనియం దిగే అవకాశం ఉంది. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఎక్కువైతే మొదట దెబ్బతినేవి మూత్రపిండాలు. మరిగిస్తే అది పోదు. కాబట్టి ఫ్లోరైడ్‌తో పాటు యురేనియం పరీక్ష కూడా ఊరూరా జరపాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఆ ఫలితాలను పంచాయతీ కార్యాలయం గోడమీద తెలుగులో రాయించాలి.