క్యూలైన్ చూడని ఎంసీఏ

తిరుపతిలో ఎంసీఏ చివరి సెమిస్టర్ వైవా రోజున ఏ కాలేజీకి వెళ్లినా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. బంగారు రంగు అక్షరాలతో బైండింగ్ చేయించిన రిపోర్టులు బల్ల మీద దొంతరగా ఉంటాయి. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, ఆన్‌లైన్ షాపింగ్, మళ్లీ హాస్పిటల్. ఒకసారి ఒక కాలేజీ వాళ్లు ఇలాంటి వైవాకు నన్నూ పిలిచారు. హాస్పిటల్ ప్రాజెక్టు చేసిన అమ్మాయిని "రుయా ఆస్పత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాస్తారమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి తల దించుకుంది. ఆ ప్రాజెక్టు బయట కొన్నదని నాకూ తెలుసు, పక్కన కూర్చున్న మేడమ్‌కీ తెలుసు. అయినా తప్పు ఆ అమ్మాయిది అనను. రెండేళ్ల చదువులో ఒక్కరు కూడా ఆమెను ఒక పూట ఆస్పత్రికి పోయి చూసి రమ్మని చెప్పలేదు.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో పీజీ చదవడానికి ఈ దేశంలో తిరుపతిని మించిన ఊరు లేదని నేను గట్టిగా నమ్ముతాను. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి మహిళా యూనివర్సిటీ ఉంది, చుట్టూ లెక్కలేనన్ని ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. వీటన్నిటికంటే పెద్ద పాఠశాల కొండ మీద ఉంది. దాన్ని మన పిల్లలు పుస్తకంలా చదవడం లేదు, అదే నా బాధ.

ఐసెట్ ప్రవేశ పరీక్ష, ర్యాంకులు, కౌన్సెలింగ్ సంగతులు అందరికీ తెలిసినవే. 2020-21 నుంచి మూడేళ్ల ఎంసీఏ రెండేళ్లకు తగ్గిందనీ తెలుసు. అలా ఒక ఏడాది తగ్గిపోయాక క్లాసు దాటి బయటికి వెళ్లే తీరిక ఎవరికీ మిగల్లేదు. అమెరికాలో ఎంఎస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేరుతో పూర్తి కోర్సుగా చెప్పే విషయం ఇక్కడ ఎంసీఏలో ఒకటి రెండు పేపర్లకు కుదించుకుపోయింది. పరీక్షకు ముందు రోజు గైడు చూసి రాసే పేపర్లవి.

అసలు ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటే ఏమిటి? కంప్యూటర్ అందులో ఒక ముక్క మాత్రమే. చీటీ రాసే గుమాస్తా, ఆ చీటీ పట్టుకుని నిలబడిన మనిషి, ఏ కబురు ఎవరికి ఎప్పుడు చేరాలో తేల్చే నియమం, ఆ నియమం తప్పితే ఎవరిని అడగాలో చెప్పే దారి, ఇవన్నీ కలిస్తేనే సిస్టమ్. ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు నోట్సు రాసుకుంటారు. దర్శనం టోకెన్లు ఇచ్చే శ్రీనివాసం కాంప్లెక్స్ దగ్గర ఒక రాత్రి నిలబెట్టి చెబితే జన్మలో మర్చిపోరు.

తిరుమలకు రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది వస్తారు. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, చూస్తుండగానే అయిపోతాయి. సర్వదర్శనం టోకెన్లు శ్రీనివాసంలో, విష్ణునివాసంలో, భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారు. ఒకప్పుడు చేతికి దర్శనం వేళ తెలిపే సుదర్శన్ పట్టీ కట్టేవారు, తర్వాత ఆధార్ వచ్చింది, 2023 మార్చిలో ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి. గది తీసుకోవడం, కట్టిన డిపాజిట్ తిరిగి రావడం, లడ్డూల లెక్క, హుండీ లెక్క, సేవకుల డ్యూటీలు, ఒక్కొక్కటీ ఒక్కో ప్రాజెక్టు. ఆన్‌లైన్ తెలిసినవాడికీ, పల్లె నుంచి మూటతో దిగిన అవ్వకూ న్యాయంగా పంచడం ఎలా? డేటాబేస్ పాఠంలో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. పీజీ స్థాయిలో ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.

2025 జనవరి 8 రాత్రిని ఈ ఊరు మర్చిపోలేదు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మర్నాడు తెల్లవారుజామున ఇస్తామన్నారు, జనం ముందురోజే వచ్చేశారు. గేటు తెరవగానే టోకెన్లు ఇస్తున్నారనుకుని ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. ఆరుగురు చనిపోయారు. పోలీసుల గురించి, అధికారుల గురించి చాలా మాట్లాడాం. నన్ను ఇప్పటికీ వదలని మాట వేరే ఉంది. ఆ గేటు ఎందుకు తెరిచారో లైన్‌లో ఉన్న మనిషికి తెలియలేదు. ఒక్క కబురు, సమయానికి, అందరికీ వినపడేలా, అర్థమయ్యే మాటల్లో చేరి ఉంటే? సమాచారం అందకపోతే మనుషులు పోతారని మన కళ్ల ముందే తేలింది. ఆ తర్వాత మన ఎంసీఏ పిల్లల్లో ఎంతమంది చేత ఆ రాత్రి మీద ఒక రిపోర్టు రాయించాం?

కొండ వదిలి చిత్తూరు వైపు చూడండి. అదే 2025 జూన్‌లో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని చెప్పారు. మంచిదే. కానీ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి, కాయ బండి మీదే మాగిపోయింది. ఏ ఫ్యాక్టరీ ఈ రోజు ఎన్ని టన్నులు దించుకోగలదో రైతుకు ఇంటి దగ్గరే తెలిస్తే అన్ని బండ్లు ఒకేసారి బయల్దేరవు. ధర సమస్య ఇది తీర్చదు, ఒప్పుకుంటాను. బండి మీద కుళ్లే కాయను మాత్రం కాపాడుతుంది. తిరుమల టోకెన్ లెక్కే ఇది, మనుషుల బదులు మామిడి.

"సార్, ముందు పిల్లలకు ఉద్యోగం రావాలి కదా" అంటారు లెక్చరర్లు. న్యాయమైన మాటే. ఇంట్లో అప్పు ఉంటుంది, చెల్లెలి పెళ్లి ఉంటుంది, కంపెనీ వాళ్లు అడిగేది కోడింగే, క్యూలైన్ మీద రిపోర్టు చూసి ఎవరూ ప్యాకేజీ ఇవ్వరు. నిన్నటి వరకు ఇది నిజం. ఇవాళ మామూలు కోడ్‌ను ఏఐ నిమిషాల్లో రాసి పెడుతోంది. ఏం రాయించాలో తెలిసినవాడికే ఇక గిరాకీ. అది తెలియాలంటే కౌంటర్ దగ్గర నిలబడి చూసి ఉండాలి.

చూడకుండా కడితే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసులు చూపించాయి. 1999లో అక్కడ హొరైజన్ అనే అకౌంటింగ్ సిస్టమ్ పెట్టారు. డబ్బు తగ్గకపోయినా తగ్గినట్టు అది లెక్క చూపించింది. 2015 దాకా 900 మందికి పైగా పోస్టుమాస్టర్లకు దొంగతనం, మోసం కేసుల్లో శిక్షలు పడ్డాయి. ఆ శిక్షల్లో చాలావాటిని 2024లో ప్రత్యేక చట్టం తెచ్చి రద్దు చేయాల్సి వచ్చింది. ప్రోగ్రాం రాయడం వచ్చినవాళ్లే దాన్ని రాశారు. "నా లెక్క సరిగ్గానే ఉంది" అని కౌంటర్‌లోని మనిషి మొత్తుకుంటే వినే దారి ఆ వ్యవస్థలో ఎవరూ పెట్టలేదు.

వినడం అన్నాక భాష గురించి చెప్పకుండా ఉండలేను. మన దగ్గర ఈ చదువు ఎండిపోవడానికి పెద్ద కారణం అదే. సిస్టమ్స్ అనాలసిస్ క్లాసు ఇంగ్లిష్‌లో, రిపోర్టు ఇంగ్లిష్‌లో, వైవా ఇంగ్లిష్‌లో. సమాచారం ఇచ్చే మనిషేమో తెలుగులో మాట్లాడతాడు. దామలచెరువు మామిడి మండీలో రైతును అడిగితే "తరుగు" అంటాడు, అంటే తూకంలో కోసేసే భాగం. ఆ మాటను ఏ కాలమ్‌లో పెడతారు? డిస్కౌంట్ అని రాస్తే అబద్ధం, వేస్టేజ్ అని రాస్తే సగం అబద్ధం. ఆ తరుగును ఎవరు నిర్ణయించారు, రైతు ఒప్పుకున్నాడా లేదా అన్నది అసలు విషయం. ఇంగ్లిష్ పేరు పెట్టిన క్షణంలో అది మాయమైపోతుంది. పేర్ల సంగతీ అంతే. చిత్తూరు సరిహద్దు పల్లెల్లో చాలామందికి తండ్రి పేరే ఇనిషియల్. ఫారంలో సర్‌నేమ్ అడిగితే వాళ్లు ఏం రాయాలి? ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా పడిన పేరును సరిచేయించుకోవడానికి ఎన్ని కూలి రోజులు పోతున్నాయో మీసేవ సెంటర్ల ముందు నిలబడితే తెలుస్తుంది.

ఆ మీసేవ 2011 నవంబరులో మొదలైంది ఈ చిత్తూరు జిల్లాలోనే. 2025 జనవరిలో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు అందించే 'మన మిత్ర' 161 సేవలతో వచ్చింది. సేవలు పెరిగాయి, సంతోషం. అందులో వాడే ఒక్కో మాటను ఏ పల్లెలో ఎవరిని అడిగి ఖాయం చేశారు? ఆ పని చేయగల పిల్లలు మన కాలేజీల్లో వందల్లో ఉన్నారు. వాళ్లకు ఆ యాస వచ్చు, ఆ రైతు వాళ్ల మేనమామ. ఆ సంపదను గేటు దగ్గరే వదిలి రమ్మంటున్నాం.

యూనివర్సిటీలు ఒక్క నిబంధన పెడితే చాలు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఏదో ఒక కౌంటర్, మండీ, ఆస్పత్రి, గ్రామ సచివాలయం మీదే ఉండాలి. నెల రోజులు అక్కడ కూర్చుని తెలుగులో రాసుకున్న నోట్సు రిపోర్టుకు జత చేయాలి. వైవా బోర్డులో ఒక కుర్చీ ఆ కౌంటర్‌లో పనిచేసే గుమాస్తాకు వేయాలి. ఆయన తెలుగులో అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగినప్పుడే రిపోర్టు మీద సంతకం పడాలి.