క్యారియర్‌కు బార్‌కోడ్

తప్పు నాదే. నిన్న పొద్దుటి నుంచి ఆరుగురు ఆ మాట చెప్పేశారు కనుక మీరు మళ్లీ చెప్పనవసరం లేదు.

మా విశ్వవిద్యాలయంలో సెంట్రల్ లైబ్రరీ ఒకటి, అరకిలోమీటరు దూరంలో ఎకనామిక్స్ వాళ్ల డిపార్ట్‌మెంట్ లైబ్రరీ ఒకటి. రెండోదానికి మనిషిని వేయలేదు. పూట ఇక్కడ, పూట అక్కడ నేనే. ఆహార భద్రత మీద ఒక పుస్తకం, పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో సర్దే డ్యూయీ లెక్కలో 363.8, నెల రోజులుగా కనిపించడం లేదు. ఒక ప్రొఫెసర్ గారికి సరిగ్గా అదే కావాలి. ర్యాకులు వెతికాను, బైండింగు గది వెతికాను, ఎవరెవరితోనో మాటలు పడ్డాను. కంప్యూటర్ మాత్రం పుస్తకం ఎక్కడికీ పోలేదనీ, రోజూ తిరుగుతోందనీ అంటుంది.

ఆ తిరుగుడు ఎలాగంటే, సెంట్రల్ పుస్తకాన్ని డిపార్ట్‌మెంట్‌లో స్కాన్ చేస్తే "ఇది ఇక్కడిది కాదు, వెనక్కి పంపండి" అంటుంది తెర. ఆ క్షణం నుంచి పుస్తకం ట్రాన్సిట్‌లో, అంటే దారిలో, ఉన్నట్టు. మళ్లీ సెంట్రల్‌లో స్కానర్ కంట పడితే చేరినట్టు. నిజంగా ఎవరూ మోయనక్కరలేదు. ఆ మాటకొస్తే పుస్తకమే ఉండనక్కరలేదు, నల్ల గీతలు కనిపిస్తే చాలు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పడవ ఎక్కడుంటే పుస్తకాలూ అక్కడే ఉండేవి. ఇప్పుడు మనం అభివృద్ధి చెందాం.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు రెండుసార్లు రాస్తే రెండుసార్లూ "సిస్టమ్ సరిగానే పనిచేస్తోంది" అని జవాబిచ్చారు. అదే నిజమని తేలడం ఇంకా మండుతోంది. సరే, సిబ్బందిలో ఎవరో పుస్తకాన్ని రోజూ పట్టుకుపోయి మళ్లీ తెస్తున్నారని లైబ్రేరియన్ గారికి ఒక నోట్ రాశాను. కింద సంతకం కూడా పెట్టాను, తేదీతో సహా.

నిన్న పది గంటలకు విచారణ. ఆయన గదిలో ఏసీ పాడైనందువల్ల కౌంటర్ దగ్గరే అందరం నిలబడ్డాం. నేను అప్పుడే వచ్చాను, చేతిలో క్యారియర్ కూడా దించలేదు. ఆయన ప్రింటు తీయించిన కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

"సోమవారం 10.14, సెంట్రల్. 1.36, ఎకనామిక్స్. మంగళవారం 10.11, సెంట్రల్. 1.40, ఎకనామిక్స్. ఆదివారం కదలిక లేదు. రెండో శనివారం కదలిక లేదు."

"ఎంత క్రమశిక్షణ గల పుస్తకం సార్!" అన్నాడు అటెండర్.

"పదహారో తేదీ గురువారం. పొద్దంతా కదలిక లేదు."

నాకు అక్కడ మెరుపు మెరిసింది. "చూశారా సార్! ఆ రోజు దొంగ రాలేదు. హాజరు పట్టీ తెప్పించండి. పదహారున ఎవరు సెలవు పెట్టారో వాళ్లే!" అన్నాను. కోర్టులో వకీలులా అన్నాను. చెయ్యి కూడా ఊపాను.

హాజరు పట్టీ వచ్చింది. లైబ్రేరియన్ గారు కళ్లజోడు సర్దుకుని వేలితో వరస వెంట జరుపుకుంటూ పోయారు, ఒక చోట ఆగారు. ఆ రోజు ఒకే ఒక్క సీఎల్. ఆ పేరు ఆయన పైకి చదవలేదు. పట్టీని నా వైపు తిప్పారు, అంతే. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్, అందుకు పెట్టాను. అది చెప్పాలో వద్దో తోచలేదు.

"ఇది అన్యాయం సార్," అంటూ క్యారియర్‌ను కౌంటర్ మీద ఠక్కున పెట్టాను.

కీచు.

మా కౌంటర్ మీది స్కానర్ స్టాండులో మెడ వంచుకుని ఉంటుంది, చెరువులో కొంగలాగా. ఎదుటికి ఏ గీతలు వచ్చినా పట్టేస్తుంది. రోజంతా కీచుమంటూనే ఉంటుంది కనుక దాని గోల ఎవరూ పట్టించుకోం. నిన్న మాత్రం ఆ ఒక్క కీచూ హాలంతా వినబడింది. తెర మీద పుస్తకం పేరు, యాక్సెషన్ నంబరు, "సెంట్రల్ లైబ్రరీకి చేరింది".

అందరి చూపూ క్యారియర్ మీదికి దిగింది. నడిమి గిన్నె పక్కన, బిళ్ల కింద, చక్కగా అతికి ఉంది బార్‌కోడ్. నెలన్నర కింద పుస్తకాలకు కొత్త చీటీలు అతికించిన రోజుల్లో ఎప్పుడు ఎక్కిందో! పుస్తకాలకు అంటించినవి వారం తిరక్కుండా ఊడి నేల మీద దొరుకుతున్నాయి. ఇది మాత్రం రోజూ పీచూ సబ్బూ వేసి తోమినా అంచు లేవలేదు. మా అత్తగారు కొబ్బరినూనె కూడా రాసి చూశారు. "ఏ కొట్లో కొన్నావమ్మా, చీటీ మీద ధరే లేదు," అని ఒకసారి అడిగారు. స్టీలు సామాను మీద చీటీలు ఊడవు కదా అని ఊరుకున్నాను.

"ఇందులో ఏముందమ్మా?" అన్నారు లైబ్రేరియన్ గారు చాలా మెల్లగా.

"గోంగూర పప్పు సార్."

"ఆహారం భద్రంగానే ఉంది సార్," అన్నాడు అటెండర్. నా నోట్‌లో అనుమానితుల వరసలో మొదటి పేరు అతనిదే. కనుక ఏమీ అనలేకపోయాను.

చీటీ పీకబోతే లైబ్రేరియన్ గారు వద్దన్నారు. రికార్డు సరిచేసేదాకా అది లైబ్రరీ ఆస్తేనట. క్యారియర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయించారు, పప్పు మాత్రం గిన్నెలోకి ఒంపుకోనిచ్చారు. ఈ రోజు అన్నం అరిటాకులో కట్టుకొచ్చాను.

అసలు పుస్తకం ఇంకా దొరకలేదు. అయితే మొన్న సాయంత్రం ప్రొఫెసర్ గారి పేర దానికి రిజర్వేషన్ పెట్టింది కూడా నేనే. నిన్నటి కీచుకు ఆయన ఫోనుకు సందేశం వెళ్లిపోయింది. పదకొండింటికి ఫోను చేత్తో పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డారు. "వచ్చిందట కదమ్మా, ఇవ్వండి."

బైండింగుకు వెళ్లిందని చెప్పాను. ఎప్పుడొస్తుందని అడిగారు. కంప్యూటర్‌లో చూసి చెబుతానన్నాను.