మా ఇంటి సవతికి

చెల్లీ ఈఎంఐ,

సవతిని చెల్లీ అనడం ఆనవాయితీ కాబట్టి అంటున్నాను. ప్రేమ ఎక్కువై కాదు.

2021 అక్టోబరులో మియాపూర్ ఫ్లాట్‌లో పాలు పొంగించింది నేను, కుడికాలు పెట్టి లోపలికొచ్చింది నువ్వు. యాభై లక్షలు, 6.7 శాతం, ఇరవై ఏళ్లు, నెలకి 37,870. మొదటి నెల అందులో 27,900 పైచిలుకు వడ్డీకే పోయింది. అసలు కంటే వడ్డీ ముద్దని మా అత్తగారు మనవణ్ణి ఎత్తుకుని మురిసిపోతుంటే, ఈవిడ బ్యాంకు తరఫు మనిషేమోనని అనుమానం వచ్చింది.

మా ఆయనకి పెళ్లిరోజు గుర్తుండదు. నీ 5వ తేదీ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

నీ అలకలు కూడా మామూలువి కావు. రిజర్వు బ్యాంకులో ఆరుగురు కమిటీగా కూర్చుంటారు, నీకు కోపం వస్తుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఆరుసార్లు పెంచి, రెపో రేటుని (బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, నీ వడ్డీ దానికే ముడి) 4 నుంచి 6.5కి తీసుకెళ్లారు. ముంబైలో వాళ్లు పెంచితే మియాపూర్‌లో మా గిన్నెలు మోగేవి. విచిత్రమేమిటంటే, ఏ గొడవలోనూ నీ పేరు వచ్చేది కాదు. గీజరు ఎవరు ఆపలేదు, మీ అమ్మకి ఏసీ టికెట్టు ఎందుకు, ఇవీ మా తగాదాలు. ఒకసారి ఉప్మాలో జీడిపప్పు వేసినందుకు రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. ఆయన లెక్కపెట్టారు కూడా. తొమ్మిది పలుకులు.

2022 అక్టోబరులో, అనుకున్న ఇరవై ఏళ్ల మీద నువ్వు ఇంకో పదకొండేళ్లు ఉండిపోతావని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఆయన లెక్కేసి, "నాకు డెబ్భై దాటుతాయే" అన్నారు. నేను ఫోను లాక్కుని చూశాను. ఎందుకో ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఏడాదిలో కలిసి నవ్వడం అదే మొదటిసారి. జీడిపప్పు నిర్దోషి అని ఆ రాత్రే తేలింది.

బయటి ఒత్తిడి ఇంట్లోకి కారి మొగుడూపెళ్లాల మీద పడుతుందని, దాన్ని ఇద్దరి బరువుగా మోయాలని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో గయ్ బోడెన్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్లతరబడి చెప్తున్నాడట. బ్యాంకుల దేశం మనిషి, ఆయనకి కాక ఎవరికి తెలుస్తుంది!

ఇప్పుడు 4వ తేదీ రాత్రి భోజనాలయ్యాక టెర్రస్ మీద నీ పంచాయితీ పెడుతున్నాం. ఆయన పావుగంట నిన్ను తిడతారు. నేను మధ్యలో సలహా ఇవ్వకూడదు, "అద్దింట్లోనే ఉందామని అప్పుడే చెప్పానా" అనకూడదు. (రెండోది చాలా కష్టం చెల్లీ, నాలుక కొరుక్కుంటున్నాను.) తర్వాత వంతు నాది. నీ మీద నా దగ్గరున్న తిట్లు విని ఆయన మొదట బెదిరారు, ఇప్పుడు అరువు అడుగుతున్నారు.

2025లో రెపో రేటు నాలుగుసార్లు తగ్గి 5.25కి వచ్చింది. ఆ మెసేజ్ మాత్రం బ్యాంకు వెంటనే పంపలేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

నువ్వు వెళ్లేరోజు పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క పెట్టి లిఫ్టు దాకా వచ్చి సాగనంపుతాను.

ఇట్లు,
పెద్ద భార్య

తా.క.: ఈ నెల జీతం ఒకరోజు ఆలస్యమట. 5న తలుపు కొట్టకు, ఇంట్లో ఎవరూ లేరు. ఇద్దరం బయట ఉప్మా తింటున్నాం, జీడిపప్పు ఎక్కువ వేయించుకుని.