దొంగ కోప్టిక్ శిల్పం గారికి

మహారాజశ్రీ సున్నపురాయి శిల్పం గారికి నమస్కారం. ఉభయకుశలోపరి.

తమరు కోప్టుల, అంటే ఈజిప్టు క్రైస్తవుల, నాటి శిల్పమనీ, తమరి వయసు పదిహేను వందల ఏళ్ళనీ నమ్మాం. తీరా చూస్తే మా నాన్నగారి ఈడువారట! వయసు తగ్గించి చెప్పేవాళ్ళను చూశాం గానీ ఇంతలా పెంచినవాళ్ళను చూడలేదు.

పుట్టినూరు ఈజిప్టులో షేక్ ఇబాదా అన్నారు. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ క్రీ.శ. 130లో కట్టించిన ఆంటినోపోలిస్ శిథిలాల దగ్గరి పల్లె. 1960ల నాటి వ్యాపారులు తమరి బాపతు రాళ్ళన్నిటికీ ఆ ఊరినే ఇంటిపేరుగా తగిలించారు. నైలు ఒడ్డు సున్నపురాయి మెత్తన. పాత ముక్క ఒకటి దొరికితే మళ్ళీ చెక్కి, పైన రంగు పూస్తే సరి.

అసలువాళ్ళను ఎప్పుడైనా చూశారా? 1891లో పురావస్తు పండితుడు ఎడ్వార్డ్ నవీల్ ఈజిప్టులోనే అహ్నాస్ అనే చోట తవ్వితే గోడగూళ్ళ పైభాగాలు బయటపడ్డాయి. ఆకుల వెనక ఎంత లోతుగా తొలిచారంటే, ఎండ పడితే ఆకు తెల్లగా, సందు నల్లగా కనిపించాలి. ఒకచోట గవ్వలో బట్టల్లేని గ్రీకు ప్రేమదేవత ఆఫ్రొడైటీ, ఇంకోచోట హంసతో గ్రీకు పురాణాల రాణి లీడా. నవీల్ అది చర్చి అన్నాడు. చర్చిలో వీళ్ళకేం పని అని తర్వాతి పండితులు ఏళ్ళ తరబడి బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి అవి డబ్బున్నవాళ్ళ సమాధి మందిరాలకు చేయించిన అలంకారాలన్న మాటే నిలిచింది. ఆ చేయించినవాళ్ళలో క్రైస్తవులూ, కానివాళ్ళూ ఉండి ఉండవచ్చట.

తమరు అలాంటి ఇబ్బందే పెట్టలేదు. కొనేవాళ్ళకు క్రైస్తవం కావాలంటే శిలువతో తయారు. కోప్టిక్ కళ మొరటుగా ఉంటుందని వాళ్ళు చదువుకుని వచ్చారు కదా, మొరటుగానే నిలబడ్డారు. పెళ్ళిచూపుల్లో అడిగిన పాటే పాడే పిల్లలాగ!

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో క్యూరేటర్ ఎడ్నా రస్మన్ గారు పట్టుకుని చూస్తే అక్కడి కోప్టిక్ శిల్పాల్లో సుమారు మూడో వంతు తమరి చుట్టాలే. 2009లో ఏకంగా అసలువాళ్ళ పక్కన నిలబెట్టి ప్రదర్శన పెట్టారు. టెన్షన్ పడ్డారా? జనం తమరి దగ్గరే ఎక్కువసేపు ఆగి ఉంటారని నా అనుమానం.

ఒకటే కడుపుమంట. మా అమరావతి పలకలదీ సున్నపురాయే, అచ్చమైన అసలు సరుకు. వాటిలో ఎన్నో బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. తమరేమో ఏసీ గదిలో, అద్దం వెనక!

పోనీ, ఒక్క మాట చెప్పండి. అహ్నాస్ మేస్త్రుల పేర్లు ఎటూ పోయాయి. తమరిని చెక్కినాయన పేరేమిటి? ఆ వ్యాపారి ఆయనకు కూలి సరిగ్గా ఇచ్చాడా?

ఇట్లు,
ఫొటో చూసి మోసపోయిన ఒక అభిమాని