తోతాపురిని ముంచింది కర్ణాటక కాయ కాదు

వారం రోజులుగా మా చుట్టాల గ్రూపులో, ఊరి గ్రూపులో, ఆఖరికి తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "కర్ణాటక మామిడి కాయ వచ్చి పడబట్టే చిత్తూరు రైతు మునిగిపోయాడు. 2025లో కలెక్టర్ బార్డర్ మూయించినట్టు ప్రతి ఏడూ మూయాలి. గవర్నమెంటు చెప్పిన రేటుకు కొనని గుజ్జు ఫ్యాక్టరీని సీజ్ చేయాలి. దీనికి అడ్డు చెప్పేవాళ్లంతా ఫ్యాక్టరీల మనుషులే." నాకు దీన్ని పంపింది మా మామే. ఆయనకు పన్నెండెకరాల తోట ఉంది, 2025లో తోతాపురి మామిడి రేటు పడిపోయినప్పుడు ఆయన పడిన బాధ నేను కళ్లారా చూశాను. మాకూ దామలచెరువు పక్కన నాలుగెకరాల తోతాపురి ఉంది కాబట్టి ఇది ఊరికే పక్కన కూర్చుని చెప్పే మాట కాదు. మామా, నీ కోపం న్యాయమే, కానీ ఈ మెసేజ్‌లో ఒక్క మాట కూడా నిలబడదు.

మొదట, కర్ణాటక కాయ వల్లే రేటు పడిందనే మాట చూద్దాం. అదే నిజమైతే 2025 జూన్‌లో కర్ణాటక రైతు సంతోషంగా ఉండాలి కదా? కోలారు, శ్రీనివాసపురం వైపు వాళ్లు కూడా కాయను రోడ్డు మీద పోసి ధర్నా చేశారు. క్వింటాలు 12 వేలు పలికే మామిడి 3 వేలకు పడిపోయిందని వాళ్ల ముఖ్యమంత్రి సిద్దరామయ్య కేంద్రానికి లెటర్ రాశారు. కేంద్రం వాళ్లకు రెండున్నర లక్షల టన్నులకు, మనకు లక్షా 62 వేల టన్నుల తోతాపురికి మద్దతు ప్రకటించింది. రెండు పక్కలా ఒకేసారి రేటు పడిందంటే ఒకరి కాయ ఇంకొకరిని ముంచిందని ఎలా అంటాం? ఆ ఏడు కాపు విపరీతంగా కాసింది. ముందటి సీజన్ గుజ్జు డ్రమ్ముల్లో అలాగే మిగిలిపోయింది, బయటి దేశాల ఆర్డర్లు తగ్గాయి. తోతాపురిలో ఎక్కువ భాగం మనుషులు కోసుకుని తినే కాయ కాదు, గుజ్జు కోసం పోయే కాయ. గుజ్జు అమ్ముడుపోకపోతే కాయ కూడా కదలదు. మనం చూడాల్సింది అక్కడ, చెక్‌పోస్టు దగ్గర కాదు.

ఇక బార్డర్ మూయడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. 2025 జూన్ 7న జిల్లా కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చారు, బయటి రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని. రెవెన్యూ, పోలీసు, ఫారెస్టు, మార్కెటింగ్ శాఖల వాళ్లందరినీ తీసుకుపోయి చెక్‌పోస్టుల దగ్గర నిలబెట్టారు. నాలుగైదు రోజుల్లోనే ఆ ఉత్తర్వు ఎత్తేయమని కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లెటర్ రాశారు. రాజ్యాంగంలో 301వ అధికరణం ఉంది, దేశం లోపల వ్యాపారం, సరుకు రాకపోకలు స్వేచ్ఛగా జరగాలని అది చెబుతుంది. రాష్ట్రం దానికి హద్దు పెట్టాలంటే 304 కింద శాసనసభ చట్టం చేయాలి, ఆ బిల్లుకు ముందే రాష్ట్రపతి అనుమతి ఉండాలి, పెట్టే హద్దు సబబుగా ఉండాలి. ఒక ఆఫీసు నుంచి వచ్చిన కాగితంతో రైతు లోడును వెనక్కి తిప్పడం నాకైతే తప్పుగానే కనిపిస్తుంది, ఆ రైతు మాట్లాడేది తెలుగైనా కన్నడమైనా. నిజానికి ఆ పక్క శ్రీనివాసపురం, ముళబాగిలు ఊళ్లలో సగం ఇళ్లలో తెలుగే వినపడుతుంది. మనం పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లవి.

చట్టం సంగతి పక్కన పెట్టి మన లాభమే చూసుకుందాం. పలమనేరు, పుంగనూరు, వి.కోట వాళ్లు టమాటా ఎక్కడికి తోలుతారు? రేటు బాగుందంటే తెల్లారేసరికి కోలారు మార్కెట్‌లో ఉంటారు, ముళబాగిలు దగ్గర వడ్డహళ్లిలో ఉంటారు. మన పాలు బెంగళూరుకూ చెన్నైకీ పోతాయి. మన పూలు, కూరగాయలు చెన్నై కోయంబేడు మార్కెట్‌కు పోతాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉండటమే ఈ జిల్లాకున్న అతి పెద్ద బలం, దానికి మనమే తాళం వేస్తామంటే ఎలా? రేపు వాళ్లు "మా మార్కెట్‌కు మదనపల్లె టమాటా రావద్దు" అంటే మనం ఏ ముఖంతో అడుగుతాం? ఇంకోటి, ఇన్ని గుజ్జు ఫ్యాక్టరీలు చిత్తూరు చుట్టూ ఎందుకు ఉన్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? వాటికి పని ఉండేది రెండు నెలలు, మహా అయితే మూడు. ఆ కొద్ది రోజుల్లో మూడు రాష్ట్రాల కాయ దొరికితేనే ఆ మిషన్లకు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఇక్కడ గేటు మూస్తే తర్వాతి ఫ్యాక్టరీ శ్రీనివాసపురంలో లేస్తుంది, లేదా ఇప్పటికే గుజ్జు ఫ్యాక్టరీలున్న తమిళనాడు కృష్ణగిరికి పోతుంది. అప్పుడు మన కాయకు ఇక్కడ కొనేవాడే తగ్గిపోతాడు.

ఇప్పుడు 8 రూపాయల సంగతికి వస్తాను. 2025లో ఫ్యాక్టరీ కిలోకు 8 ఇవ్వాలి, రాష్ట్ర గవర్నమెంటు 4 కలుపుతుంది, మొత్తం 12 అన్నారు. అదే కాయకు కేంద్రం మద్దతు కింద కట్టిన రేటు క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసలు, అంటే కిలోకు దాదాపు 15. తోటలో చెట్టు ఒకటే, సీజన్ ఒకటే, రెండు గవర్నమెంట్లకు రెండు రేట్లు. బయట ర్యాంపుల దగ్గర, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, మూడుకీ నాలుగుకీ అడిగారు. రేటును కాగితం మీద పెంచితే ఏమవుతుందో మా నాయన అనుభవించాడు. ఆ రేటు మీద ఆశతో అందరూ ఒకేసారి కోశారు, అందరి ట్రాక్టర్లూ ఫ్యాక్టరీ గేటు ముందుకే వచ్చాయి. టోకెన్లు పెట్టారు. మా ట్రాక్టర్ మూడు రాత్రులు క్యూలో ఉంది. నాయన ట్రాలీ కింద గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు, షుగర్ మనిషి, నేను తిరుపతి నుంచి క్యారియర్ తీసుకుపోయి ఇస్తే తినడానికి కూడా మనసు రాలేదు ఆయనకు. మూడో రోజుకు అడుగునున్న కాయ మెత్తబడి రసం కారడం మొదలైంది. మా వెనక వచ్చిన రెండు బండ్లు మాకంటే ముందు లోపలికి పోయాయి, ఎవరిదో ఫోన్ వచ్చిందన్నారు. చివరకు మా కాయలో నాలుగో వంతు తరుగు కింద తీసేశారు. ఇచ్చిన రేటు 8 కూడా కాదు.

ఆ ఫ్యాక్టరీని తిట్టుకోవడానికి నాకు కావలసినంత కారణం ఉంది. కానీ ఆలోచించి చూస్తే, సంతలో రేటు కిందికి పోతుంటే పైకి కట్టిన రేటుతో కొనమన్నప్పుడు ఎవడైనా చేసేది ఇదే. తక్కువ కొంటాడు, తరుగు ఎక్కువ తీస్తాడు, డబ్బు ఆలస్యం చేస్తాడు, తెలిసినవాడికి ముందు టోకెన్ ఇస్తాడు. రేటు తేల్చాల్సిన పనిని పలుకుబడి తేలుస్తుంది. పలుకుబడి లేని నాలుగెకరాల రైతే అక్కడ ఓడిపోతాడు. సీజ్ చేయమంటున్నారు కదా, జూన్ నెలలో ఒక ఫ్యాక్టరీని సీజ్ చేస్తే ఆ గేటు ముందున్న ట్రాక్టర్లన్నీ ఎక్కడికి పోతాయి?

రేట్లు కట్టే చెయ్యి ఎప్పుడూ రైతు వైపే ఉంటుందనే భ్రమ కూడా వద్దు. 2023 జూలై గుర్తుందా? మదనపల్లెలో టమాటా కిలో వంద దాటి రెండు వందల దాకా పోయింది. చాలా ఏళ్లు నష్టపోయిన రైతు మొదటిసారి అప్పు తీర్చుకునే రోజులవి. అప్పుడు అదే గవర్నమెంట్లు ఏం చేశాయి? రాష్ట్రం కొని రైతు బజార్లలో 50కి అమ్మింది, కేంద్రం మన దగ్గరా కోలారులోనూ కొని ఢిల్లీలో 90కి, తర్వాత 80కి, 70కి అమ్మింది, ఆగస్టులో నేపాల్ నుంచి కూడా టమాటా తెప్పించింది. రేటు పడినప్పుడు జోక్యం చేసుకోమని మనం ఇచ్చే అధికారమే, రేటు లేచినప్పుడు మన జేబులోంచి తీసుకోవడానికి కూడా పనికొస్తుంది.

కిలోకు 4 రూపాయల సాయం మీద నాకు అంత పట్టుదల లేదు. కష్టంలో ఉన్న మనిషి చేతికి నేరుగా డబ్బు ఇవ్వడం, రేటును కట్టేయడం కంటే నయం. కానీ తోట గుత్తకు తీసుకుని పెట్టుబడి పెట్టినవాడికి అందుతుందా, పట్టాదారుకు అందుతుందా అనేది ఊరూరా గొడవైన విషయమే. ఇంకో చిక్కు, ప్రతిసారీ తోతాపురికే సాయం వస్తుందని తెలిస్తే ఇంకా తోతాపురే నాటుతాం. మా పక్క తోటాయన కొన్ని చెట్లకు కొమ్మలు కొట్టి బేనీషా, ఇమాం పసంద్ లాంటి కోసుకుని తినే రకాల అంట్లు కట్టించాడు. పడిపోయిన రేటు ఆయనకు ఒక మాట చెప్పింది, ఆయన విన్నాడు.

ఇక ఫ్యాక్టరీల మనుషులం అనే మాట. ఫ్యాక్టరీలు నలుగురు కూర్చుని రేటు మాట్లాడుకుంటారని నాకూ అనుమానమే. ఆ అనుమానం ఉన్నవాడు అడగాల్సింది బార్డర్ మూయమని కాదు. కొనేవాళ్లను పెంచమని అడగాలి. చిన్న గుజ్జు యూనిట్ పెట్టుకోవాలనుకునే పిల్లోడు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తోందో అడగాలి. కృష్ణగిరి వ్యాపారి మన తోటలోకే వచ్చి తూకం వేసుకుని డబ్బు చేతిలో పెట్టి పోతానంటే మధ్యలో మార్కెట్ సెస్సు పేరుతో ఎవరు ఆపుతున్నారో అడగాలి. 2025 సీజన్‌లో గుజ్జు మీద 12 శాతం జీఎస్టీ ఉంచి పక్కనే రైతుకు సాయం ప్రకటించడం ఏమిటని అడగాలి, గుజ్జు కలిపే జ్యూసుల మీద పన్ను 5కు దిగింది 2025 సెప్టెంబర్‌లో, అప్పటికి మన సీజన్ అయిపోయింది.

మామా, నువ్వు ఆ మెసేజ్ పంపిన రోజే నాయన కృష్ణగిరిలో ఒక వ్యాపారికి ఫోన్ చేసి ఈసారి కాయ చూడటానికి రమ్మన్నాడు. ఆ వ్యాపారి మొదట అడిగింది రేటు కాదు, "మీ చెక్‌పోస్టు తీస్తారా, మూస్తారా?" అని.